నాలుగు వేళ్ల సందు

ఫిబ్రవరి ఇరవయ్యెనిమిదో తేదీ సాయంత్రానికి గోదావరిఖని మొత్తంలో కప్పు లేని జీపు ఒక్కటైనా ఖాళీగా లేదని తెలిసిన నాడు, మైనింగ్ సర్దార్ సామ్యేల్ తానే ఒక కప్పు లేని కారు కొనాలని నిశ్చయించుకున్నాడు.

దీనికి మూలం బొగ్గు గనుల కంపెనీ నియమం. కార్మికుడు ఏ తేదీన పుట్టినా పదవీ విరమణ చేయవలసింది నెలాఖరు రోజుననే. ఆనాడు షిఫ్టు ముగిసి పైకి వచ్చిన మనిషికి తోటివారు దండలు వేసి, పైన కప్పు లేని జీపులో నిలబెట్టి, బ్యాండు మేళంతో ఇంటి గడప దాకా ఊరేగించడం ఆ గనుల ఊళ్లలో ఆచారం. పెళ్లిళ్లకైతే నెలకు నాలుగైదు ముహూర్తాలు దొరుకుతాయి. పదవీ విరమణకు ఒక్కటే ముహూర్తం. ఆ ఒక్క సాయంత్రం పది గనుల నుంచి పాతికమంది తమ తమ గడపలకు చేరాలి. నస్పూర్ జీపులు, బెల్లంపల్లి జీపులు కూడా అప్పటికే ఇతరులకు కుదిరిపోయాయి. జీపులాయన తల గోక్కొని, కావలసివస్తే పైన రంగుల గుడ్డ కట్టిన ట్రాలీ ఆటో సర్దుతానన్నాడు. సామ్యేల్ దానిని అవమానంగా స్వీకరించి ఇంటికి వచ్చాడు.

"ముప్పయ్యైదేండ్లు బండ కింద బతికిన," అన్నాడు భార్యతో. "ఆఖరు దినం సుత కప్పు కిందనే పంపుతరట నన్ను."

భార్య సుగుణమణి మిషన్ బడిలో ఇరవయ్యేడేళ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయురాలు. ఆమె విషయమంతా విని, మీకు కారు తోలడం రాదు కదా అని మాత్రం గుర్తుచేసింది. కొనడం వేరు, తోలడం వేరు అని ఆయన సమాధానం.

కప్పులను అనుమానించడమే సామ్యేల్ ఉద్యోగం. ప్రతి షిఫ్టులోనూ మిగిలినవారికంటె ముందు సర్దారు నడవాలి. చేతికర్ర ఎత్తి, తలపైనున్న బండను అడుగడుగునా తట్టి చూడాలి. మంచి బండ గంట కొట్టినట్టు పలుకుతుంది. పొర విడిచిన బండ ఖాళీ డబ్బాలా మోగుతుంది. మోగిన చోటికి ఎవరినీ పోనివ్వకూడదు. చూసినది పుస్తకంలో రాసి సంతకం చేయాలి. ఆయన 'భద్రము' అని రాసిన చోట ఇంతవరకు గులకరాయి కూడా రాలలేదు. ఈ ఖ్యాతి కొంచెం తలకెక్కిందనే చెప్పాలి. పుచ్చకాయ మొదలు పెళ్లిపందిరి దాకా దేనినైనా తట్టనిదే ఆయన నమ్మడు. మొన్నటి క్రిస్మస్‌కు చర్చిలో కొత్తగా వేయించిన లోకప్పును ప్రసంగం సాగుతుండగానే కర్రతో తట్టి, పెదవి విరిచాడు. ఆనాటి నుంచి పాస్టరు గారు రెండడుగులు పక్కకు జరిగి వాక్యం చెబుతున్నారు.

కార్ల బేరగాడు జగదీశ్వర్ ఆదివారం ఆరాధన ముగిసే వేళకు రెండు కార్లు తెప్పించి చర్చి పక్క మైదానంలో నిలబెట్టాడు. రెండూ ఒకే పరదేశపు కంపెనీవి, ఒకే పేరువి, ఒకే ఎరుపువి. హైదరాబాదులో ఎవరో షోకు తీర్చుకొని వదిలించుకున్న పందెపు కార్ల జాతివి. ధర కూడా ఇంచుమించు ఒక్కటే. తేడా అంతా తరానిది. పాతది ఇరవయ్యేళ్ల కిందటి తరం: సన్నగా, పొట్టిగా, రెండే సీట్లతో, చేత్తో మడిచి వెనక్కి తోసే నల్లని గుడ్డ కప్పుతో ఉంది. కొత్తది ఎనిమిదేళ్ల కిందటి తరం: భుజాలు విప్పార్చుకొని, వెనక పసిపిల్లల కొలతకు ఒక బెంచీతో, ఇనుప కప్పుతో ఉంది. మీట నొక్కితే ఆ ఇనుప కప్పు తనంతట తానే లేచి, మడతలు పడి, వెనక డిక్కీలోకి దూరి మూత వేసుకుంటుంది. జగదీశ్వర్ నొక్కి చూపించాడు. ఆశీర్వాద ప్రార్థనకు కూడా సంఘమంతా అంత నిశ్శబ్దంగా నిలబడి ఎరగదు.

ఎవరు మొదలుపెట్టారో గాని, అయిదు నిమిషాలలో పాతదానికి పాత నిబంధన, కొత్తదానికి కొత్త నిబంధన అనే పేర్లు స్థిరపడ్డాయి. సుగుణమణి అటువంటి పరిహాసం తగదని ముఖం చిట్లించింది.

సామ్యేల్ కొత్త కారు కప్పు మూయించాడు. చొక్కా చేతులు సర్దుకొని, కర్ర ఎత్తి, ఇనుప కప్పును మెల్లగా తట్టాడు. అది డబడబమని మోగింది. మరోచోట తట్టాడు. అక్కడా అంతే. ఆయన ఎడమచేయి తనంతట తానే చాచుకొని వెనకనున్న జనాన్ని రెండడుగులు నెట్టింది.

"దూరం జరుగున్రి. పొర ఇడిసింది."

"అది రేకు సర్దార్," అన్నాడు జగదీశ్వర్ ప్రాధేయపడుతూ. "రేకు గట్లనే మోగుతది."

"మోగినంక రేకయితే ఏంది, బండయితే ఏంది."

ముత్యం అక్కడే ఉన్నాడు. గనిలో బొగ్గెత్తే యంత్రం నడుపుతాడు. చక్రాలున్న దేనినైనా తోలగలడు కనుక ఊరేగింపు నాడు కారు తోలడానికి ముందే ఒప్పుకొని ఉన్నాడు. అతడు సర్దారు చేతిలోని కర్ర తీసుకొని, పాస్టరు గారి కారును, చెట్టు కింద నిలిపిన ఆటోను, రోడ్డుమీద ఆగిన కరీంనగర్ బస్సు పక్కరేకును వరుసగా తట్టి వచ్చాడు. అన్నీ డబడబమనే మోగాయి. "అయితే రాస్కో సర్దార్," అన్నాడు కర్ర తిరిగి ఇస్తూ, "ఊరంత కూలుతదని."

జనం నవ్వు అణిగేదాకా సామ్యేల్ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత పాత కారు దగ్గరికి నడిచి గుడ్డ కప్పును తట్టాడు. కర్ర మెత్తగా దిగి, మెత్తగా లేచింది. చప్పుడన్నది లేదు. పలుకనే పలకని కప్పును గురించి ఏమి రాయాలో ఆయన చదివిన నియమావళిలో ఎక్కడా లేదు.

ముత్యం రెండు కార్లనూ కాలనీలో ఒక్కొక్క చుట్టు తిప్పాడు. కాలనీవాళ్లు ఎవరికి తోచినచోట వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద రెండింటి కడుపులూ సమానంగా గీసుకున్నాయి. ముత్యం దానికి ఉపాయం చెప్పాడు: పనికిరాదని పారేసిన బొగ్గు బెల్టు ముక్కలు నాలుగు తెచ్చి, మడిచి, గడ్డకు ముందూ వెనకా పరిస్తే కారు పల్లకీలా దాటిపోతుంది. ఇక మిగిలింది ఎంపిక. అది సుగుణమణి చేసింది. వాన వస్తే గుడ్డ తడుస్తుంది. వాన రాకపోయినా కోతులు వస్తాయి. ఆరేసిన దుప్పట్లనే చింపిన కోతులు కారు గుడ్డను గౌరవిస్తాయనే నమ్మకం ఆమెకు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, పాత కారులో ముత్యం పక్కన మొగుడు కూర్చుంటే పెళ్లానికి చోటు లేదు. కొత్తదానిలో కాళ్లు ముడుచుకుంటే వెనక బెంచీ ఉంది. "కొత్త నిబంధనే తీసుకోండి," అని ముగించి, నోరు జారినందుకు నాలుక కరచుకుంది.

సామ్యేల్ కొత్త కారుకే మాట ఇచ్చాడు. జగదీశ్వర్ అక్కడికక్కడే దాని ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. కొనేవాడు క్రైస్తవుడన్న సంగతి దండ బిగించిన తరువాత గుర్తుకు వచ్చి, తీయాలా ఉంచాలా తెలియక, అలాగే వదిలేశాడు.

*

సోమవారం మొదటి షిఫ్టుకు వెళ్లేసరికి గని నోటీసు బోర్డు మీద ఆ నెల విరమణ చేసేవారి పేర్లు అంటించి ఉన్నాయి. రెండే పేర్లు. మొదటిది తనది. రెండవది ల్యాంపు రూం సారవ్వది.

ల్యాంపు రూముకు ఒక కిటికీ ఉంది. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్లను ఆ కిటికీలో ఇచ్చి తలబత్తి తీసుకోవాలి. పైకి వచ్చాక బత్తి ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. ఇచ్చిన బిళ్లలు లోపల ఒక పలక మీది మేకులకు వేలాడుతుంటాయి. మేకుకు బిళ్ల ఉన్నదంటే ఆ మనిషి ఇంకా భూమి లోపల ఉన్నాడన్నమాట. సారవ్వ ఇరవయ్యారేళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చుంది. తరువాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడ్డా సరే, తాను వేలాడదీసిన మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా ఆమె లేవదు. ఆలస్యంగా వచ్చినవాడికి బిళ్లతోపాటు రెండు మాటలు కూడా దొరుకుతాయి. పెండ్లాం తిడుతుందని లోపల్నే దాక్కున్నవా, అని. ఆ మాటలు పడటం ఇష్టం లేకనే చాలామంది వేళకు పైకి వస్తారని ప్రతీతి.

సామ్యేల్ తన నూటపదిహేడో నంబరు బిళ్ల కిటికీలో పెట్టాడు.

"నీది సుత ఈ నెలనేనా సారవ్వా?"

"ఏం, వయసు నీకొక్కనికే అయితదా సర్దార్?"

ఊరేగింపు ఏ వేళకని ఆయన అడిగాడు. ఆమె బత్తి అద్దాన్ని కొంగుతో తుడుస్తూ నవ్వింది. అందరి అద్దాలనూ ఆమె అలాగే తుడిచి ఇస్తుంది. తుడవమని ఎవరూ చెప్పలేదు. "నాకేం ఊరేగింపు. సదానందం నన్ను శాలువల పళ్లెం పట్టుకొమ్మన్నడు. నీకు కప్పే శాలువ నా చేతులనే ఉంటది." బత్తి అందించి, వెనకనున్నవాడి బిళ్ల కోసం చేయి చాపింది.

సదానందం కార్మిక సంఘం నాయకుడు, వీడ్కోలు కమిటీకి పెద్ద. సామ్యేల్ అడిగితే అతడు సావకాశంగా వివరించాడు. ఊరేగింపు లోపలికి దిగినవారికే. పైన పనిచేసినవారికి శాలువా, ఒక స్టీలు బిందె. ఆడమనిషిని జీపు ఎక్కించిన దాఖలా ఈ గనిలో లేదు. పోనీ ఎక్కించుదామన్నా ఆమె ఉండే గల్లీలోకి జీపు పోదు. అటు పక్కా ఇటు పక్కా చుట్టాలు నిలబడేందుకు ఇనుప మెట్లు బిగించిన జీపులాయె. మూలమీద దించి నడిపిస్తే అది ఊరేగింపు కాదు, బస్సు దిగినట్టు. "గా గల్లీ పట్టే బండి చూపియ్యి సర్దార్," అన్నాడు సదానందం చివరికి. "నేనే ముంగట డ్యాన్స్ చేస్త."

సామ్యేల్ కర్ర అందుకొని లోపలికి దిగాడు. ఊరేగింపు తనది, శాలువా తనది, పళ్లెం మాత్రం ఆమెది. ఆ రోజు లోపల ఆయన ఒకే బండను మూడుసార్లు తట్టాడు. మూడుసార్లూ అది గంటలాగే పలికింది. అయినా ఏదో పొర విడిచినట్టే ఆయనకు తోచింది.

*

మంగళవారం సాయంత్రం సామ్యేల్ కర్ర పట్టుకొని సారవ్వ గల్లీకి నడిచాడు.

ఆ గల్లీ పుట్టినప్పుడు విశాలంగానే పుట్టింది. తరువాత ఒకరు మెట్లు కట్టారు, ఒకరు స్నానాల గది జరిపారు, ఒకరు తులసికోట ముందుకు తెచ్చారు. ఎదుటివారు కూడా పౌరుషానికి పోయి అంతే జరిగారు. సారవ్వ ఇల్లు ఎడమచేతివైపు నాలుగవది. గడపకు మూడు మెట్లు. మెట్ల అంచు తిన్నగా దారిలోకే ఉంది. సామ్యేల్ చేతికర్ర సరిగ్గా మూడడుగులు. గల్లీ మొగదల నుంచి ఆ గడప దాకా ఆయన వంగి, కర్ర పరిచి, వేలితో గుర్తుపెట్టి, మళ్లీ పరిచి కొలిచాడు. అన్నిటికంటె ఇరుకైన చోట గల్లీ రెండు కర్రల వెడల్పు. ఒక్క వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మూడవసారి వంగి లేచేసరికి చుట్టూ పాతికమంది ఉన్నారు. కంపెనీ మనిషి వచ్చి నేల కొలుస్తున్నాడంటే ఆ ప్రాంతంలో దానికి ఒక్కటే అర్థం: ఇళ్లు తీసేసి, నేలను పైనుంచే తవ్వే గని పెడతారని. ఒక ముసలమ్మ ముందుకు వచ్చి, ఓపెన్ కాస్టు ఇటుమొకాన వస్తున్నదా, ఇండ్లు ఎప్పుడు ఇడువాలె అని అడిగింది. అటువంటిదేమీ లేదని సామ్యేల్ ఎంత చెబితే అంత బలంగా ఆ నమ్మకం నాటుకుంది. లేకపోతే ఎందుకంత గట్టిగా లేదంటాడు? ఒకాయన కొత్తగా కట్టిన స్నానాల గదిని కూడా లెక్కలో రాసుకొమ్మని బతిమాలాడు. అలికిడికి సారవ్వ గడపలోకి వచ్చింది.

"ఏం కొలుస్తున్నవ్ సర్దార్?"

పుస్తకంలో ఏనాడూ అబద్ధం రాయని మనిషి ఒక్క క్షణం తడబడ్డాడు. "కొలుస్తలేను. బండ చూస్తున్న."

"గల్లీకి బండెక్కడిది?"

ఆయన తలెత్తి చూశాడు. రెండు కరెంటు తీగలు, ఆరేసిన లంగా ఒకటి, దానిపైన ఆకాశం. "గదే చూస్తున్న," అని చెప్పి, కర్ర చంకలో పెట్టుకొని వచ్చేశాడు.

బుధవారం షిఫ్టు దిగి నేరుగా జగదీశ్వర్ షెడ్డుకు వెళ్లాడు. కొత్త కారు ముందు వంగి కర్ర పరిచాడు. అద్దాలు మడిచినా అది నిండా రెండు కర్రలుంది. పాతది రెండు కర్రలకు ఎనిమిది వేళ్లు తక్కువ. కారుకు అంగీ కుట్టిస్తున్నావా అని జగదీశ్వర్ వేళాకోళమాడాడు. పాతదే కావాలని విన్నాక అతనికి వేళాకోళం పోయింది. మనిషన్నవాడు పాతదాని నుంచి కొత్తదానికి పోతాడు గాని వెనక్కి పోతాడా అని వాదించాడు. దిష్టికి కట్టిన నిమ్మకాయను చూపించాడు. సామ్యేల్ ఆ దండ విప్పి, తానే తీసుకువెళ్లి పాత కారుకు కట్టి, మాట ముగించాడు.

ఇంట్లో విషయం చెప్పడానికి ఆయన భోజనం దాకా ఆగాడు. ఆ అవసరం లేకపోయింది. ఆయన సారవ్వ గల్లీ కొలిచిన సంగతి, ఓపెన్ కాస్టు పుకారుతో సహా, పక్కింటి సంతోషి ద్వారా మధ్యాహ్నమే సుగుణమణికి చేరింది. కారు మార్చిన వార్త జగదీశ్వర్ ఫోనులో చెప్పాడు. రెండు సంగతులు ఇస్తే మూడవది రాబట్టడం ఆమె జీవితమంతా చేసిన పని.

"రెండు కర్రల గల్లీ. రెండు కర్రలకు ఎనిమిది వేళ్లు తక్కువ కారు. అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు," అంది పప్పు వడ్డిస్తూ. "ఇది నాతో చెప్పడానికి మీకు నోరు రాలేదా?"

"నీ సీటు పోతది గదా," అన్నాడాయన పళ్లెంలోకి చూస్తూ.

"నా సీటు సంగతి సరే. తోలేది ముత్యం. పక్కన కూర్చునేది సారవ్వ. మీరెక్కడ కూర్చుంటారు?"

సామ్యేల్ ముద్ద చేతిలోనే ఆగిపోయింది. గల్లీ కొలిచాడు, కారు కొలిచాడు, వేళ్లు కూడా లెక్కపెట్టాడు. మనుషులను లెక్కపెట్టడం మరిచిపోయాడు. మనసులో ఆ కారు కదిలినప్పుడల్లా అందులో తానున్నాడు, సారవ్వ ఉంది, తోలేవాడూ ఉన్నాడు. రెండు సీట్లలో ముగ్గురూ హాయిగా సర్దుకొని ఉన్నారు.

సుగుణమణి రెండుసార్లు తిప్పవచ్చునా అన్నది ఆలోచించి, బ్యాండువాళ్లు నాలుగున్నరకు మరో గనికి పోవాలి గనుక కుదరదని తానే తేల్చింది. మరునాడు ఉదయం ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే మాత్రం అడిగింది: జగదీశ్వర్‌కు ఏమని చెప్పమంటారు? సామ్యేల్ చెప్పులు తొడుక్కోవడం పూర్తిచేసి, కర్ర అందుకొని, ఏదైతే చెప్పానో అదే అన్నాడు. ఆమె ఆ మధ్యాహ్నం బజారుకు పోయి, బొగ్గు లారీలకు కప్పే టార్పాలిను ఒకటి కొనుక్కొచ్చింది. కోతుల విషయంలో ఆమె అభిప్రాయం మారలేదు.

*

శుక్రవారం సామ్యేల్ ఆఖరుసారి దిగాడు. ఎప్పటిలాగే అందరికంటె ముందు నడిచి, ఎప్పటిలాగే అడుగడుగునా తట్టి, మూడు గంటలకు పైకి వచ్చి పుస్తకంలో 'భద్రము' అని రాసి సంతకం చేశాడు. సిరా ఆరడానికి ఊదలేదు. ఆరే దాకా చూస్తూ కూర్చున్నాడు.

బయట బ్యాండు సిద్ధంగా ఉంది. ముత్యం గుడ్డ కప్పు మడిచి, కారు ముందు బంతిపూల దండ వేసి, బెల్టు ముక్కలు నలుగురి చేతులకు పంచాడు. సుగుణమణి గొడుగుతో వచ్చింది. సదానందం పూలదండల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, సారవ్వను పళ్లెం తెమ్మని కేకేశాడు.

"బిళ్ల ఉన్నది," అంది సారవ్వ కిటికీలో నుంచి.

పలక మీద ఒక్క మేకుకు ఒక్క బిళ్ల వేలాడుతున్నది. అది ఎల్లేశానిది. బ్యాండు నాయకుడు గడియారం చూసుకున్నాడు. సదానందం కిటికీ దగ్గరికి పోయి, తరువాతి షిఫ్టు మనిషి వచ్చాడు కదా, అతనికి అప్పగించి రమ్మన్నాడు. ఆమె కదలలేదు. పావుగంట తరువాత ఎల్లేశం చెమటలు కక్కుతూ వచ్చాడు. లోపల మరిచిపోయిన టిఫిను డబ్బా కోసం సగం దారి నుంచి వెనక్కి పోయాడట. సారవ్వ అతని బత్తి తీసుకొని, బిళ్ల చేతిలో పెట్టి, రెండు మాటలకు బదులు నాలుగు మాటలు అంది. రేపటి నుంచి ఎవరూ అనరు గనుక ఎల్లేశం తలవంచుకొని అన్నీ పడ్డాడు. ఆమె ఖాళీ పలకను ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, చీరకొంగు దులుపుకొని, శాలువాల పళ్లెంతో బయటికి వచ్చింది.

సామ్యేల్ ఆమె చేతిలోని పళ్లెం తీసుకున్నాడు. సుగుణమణి అందులోని శాలువా విప్పి సారవ్వ భుజాల చుట్టూ కప్పింది, తప్పు దిద్దిన పలకను పిల్లకు తిరిగి ఇచ్చేటంత నిబ్బరంగా.

"ఎక్కు," అన్నాడు సామ్యేల్, కారు తలుపు తీసి.

"ఎటు?"

"ఇంటికి."

"నీకు కారు దొరికిందని నాతోని పరాచికమా సర్దార్? మా గల్లీల బండెట్ల పడ్తది? మొన్న నువ్వే కొలిస్తివి గద," అంటూ సారవ్వ తన మాట తనకే వినిపించి ఆగిపోయింది.

ఆమె కర్రను చూసింది. కారును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఆ తరువాత ఆమెను ఎవరూ బతిమాలవలసిన పని లేకపోయింది. ఎక్కి, సీట్లో నిటారుగా కూర్చొని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది. కిటికీ వెనక కూర్చున్నట్టే కూర్చుంది. కిటికీ మాత్రం లేదు.

సదానందం సామ్యేల్ చెవి దగ్గరికి వచ్చాడు. "మరి నువ్వేడ కూసుంటవ్ సర్దార్?"

"సర్దార్ కూసుండడు. ముంగట నడుస్తడు. ఇయ్యాల కొత్తదా ఏంది?"

అలా నడిచాడు. మెడలో దండ, చేతిలో కర్ర, వెనక ఎర్ర కారు, దానివెనక బ్యాండు. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆయన చేయి ఎత్తుతాడు, కారు ఆగుతుంది. నలుగురు పరుగున వచ్చి బెల్టు ముక్కలు పరుస్తారు. ఆయన వాటిని కర్రతో తట్టి చూసి, చేయి దించుతాడు. కారు పల్లకీలా దాటుతుంది. రోడ్డు పక్కన నిలబడినవారికి విరమణ చేసేది ఎవరో మొదట అంతుపట్టలేదు. ఒకరి మెడలో దండ ఉంది, మరొకరి భుజాలమీద శాలువా ఉంది. కానీ సారవ్వ చేత బత్తి తీసుకోని ఇల్లు ఆ కాలనీలో లేదు కనుక, కాసేపట్లోనే మేడల మీదనుంచి ఆమెను పేరుపెట్టి పిలవడం మొదలైంది. ఆమె ఒక్కొక్కరినీ నంబరుతో పలకరించింది. సుగుణమణి పక్కన గొడుగు పట్టి నడుస్తూ, ఎండ తనకు కాక సారవ్వకు తగలకుండా చూసింది.

గల్లీ మొగదల దగ్గర సామ్యేల్ ఆగి, వెనక్కి తిరిగి, కర్రతో సదానందాన్ని చూపించాడు. సదానందం మొదట అర్థం కానట్టు నటించాడు. ముత్యం హారను కొట్టి గుర్తుచేశాడు. బ్యాండువాళ్లు తమకున్న ఆఖరు అయిదు నిమిషాలను అతనికే అంకితం చేశారు. సదానందం ఆడాడు. నోరు మూసుకొని, చేతులతో మాత్రమే ఉపన్యాసం చెప్పినట్టుగా ఆడాడు. అయినా ఆడాడు.

ముత్యం అద్దాలు మడిచి కారును గల్లీలోకి దించాడు. మెట్ల మీద కూర్చున్నవాళ్లు కాళ్లు పైకి లాక్కున్నారు. ముసలమ్మ మేనేజరే వచ్చిండని పక్కవాళ్లకు చెప్పింది; కారులో సారవ్వను చూసి, ఇండ్లు తీసేది ఈమెనా అని నోరు తెరిచింది. సామ్యేల్ వెనకడుగులతో నడుస్తూ, కారుకు గోడకు నడుమ నాలుగు వేళ్లు పెట్టి చూసుకుంటూ, ఎడమకు, కుడికి, నిలుపు అని చేతితో చెబుతూ, నాలుగో గడప ముందు కారు నిలిపించాడు. ఎక్కడా గీత పడలేదు.

సారవ్వ తలుపు తోసింది. తలుపు నాలుగు వేళ్లు తెరుచుకొని మెట్టు అంచుకు కొట్టుకుంది. మరి తెరుచుకోలేదు.

సామ్యేల్ తలుపు వంక చూశాడు. తలుపును ఆయన కొలవలేదు. సుగుణమణి కళ్లు మూసుకుంది. ఆమె కూడా కొలవలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ.

సారవ్వ తలుపును చూసి, గోడను చూసి, ఆ తరువాత తలెత్తి పైకి చూసింది. పైన అడ్డమేమీ లేదు. ఆమె శాలువా నడుముకు బిగించి, సీటు మీద లేచి నిలబడింది. పొట్టి కారు కావడంతో సీటూ, మూడో మెట్టూ ఇంచుమించు ఒక ఎత్తున ఉన్నాయి. ఒక కాలు తలుపు అంచు మీద మోపి, రెండో కాలు తన గడపలో పెట్టింది. జీపు ఎక్కిన మగవాళ్లను ఇన్నేళ్లూ గడప ముందు నేలమీద దించారు. ఈమె తిన్నగా గడపలోనే దిగింది.

ఈలలు వేసేవాళ్లు వేశారు. సుగుణమణి కారు వెనకనుంచి పక్కింటి మెట్ల మీదుగా ఎక్కి వచ్చి, తనకు చాయ్ కావాలని ప్రకటించింది. సామ్యేల్ కర్ర ఆనించుకొని నిలబడ్డాడు. చేయవలసిన పని అయిపోయింది. తరువాత ఎటు నడవాలో ముప్పయ్యైదేళ్లలో మొదటిసారి ఆయనకు తోచలేదు.

"నిలబడ్డవేంది? ఎక్కు," అంది సారవ్వ గడపలో నుంచి.

"నేనెందుకు."

"లోపలికి పోయినోల్లంత ఇంటికి పోయిన్రా లేదా చూసుడు నా పని. అందరు పోయిన్రు. నువ్వొక్కనివే మిగిలినవ్. జల్ది పో, మల్ల నాకు నాలుగు మాటలు అనబుద్ధయితది."

ఆమె దిగిన దారినే ఆయన ఎక్కాడు: మూడు మెట్లు, గడప, తలుపు అంచు, సీటు. కూర్చున్నాక కర్రను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల నడుమ నిలుపుకున్నాడు. ముత్యం మెడ తిప్పి వెనక్కి చూస్తూ కారును మెల్లగా గల్లీలో నుంచి వెనక్కి నడిపాడు. రెండు పక్కలా మెట్లు, తులసికోట, స్నానాల గది ముందుకు జరిగిపోతున్నాయి. సామ్యేల్ తల వెనక్కి వాల్చాడు.

అలవాటు ప్రకారం ఆయన చేయి లేచింది. కర్ర పైకి పోయింది, ఇంకా పోయింది, చేయి నిండా చాచుకునేదాకా పోయి, దేనికీ తగలలేదు. ఆయన దాన్ని అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

"ఎట్లున్నది సర్దార్, కప్పు?" అన్నాడు ముత్యం వెనక్కి చూస్తూనే.

"దొరుకుతలేదు."

"మరి పోనియ్యనా?"

సామ్యేల్ కర్ర దించకుండా కొంచెం సేపు విన్నాడు.

"పోనియ్యి."